నల్ల ట్రంకులో విమానాలు

సామాను సర్దడంలో నన్ను మించిన మనిషి ఎయిర్‌ఫోర్స్‌లో లేదు. ఇది నేను అనుకునే మాట కాదు, నా పక్క క్వార్టర్లో కాపురమున్న ప్రతి ఆడమనిషీ అన్న మాటే. జోర్హాట్ నుంచి జామ్‌నగర్ దాకా, బీదర్ నుంచి ఆగ్రా దాకా సంసారాన్ని ట్రంకుల్లో పెట్టి దేశమంతా తిప్పాను. గాజు గ్లాసు పగల్లేదు, ఆవకాయ జాడీ బీటలివ్వలేదు. పోస్టింగు ఆర్డరు చేతికి రాగానే కొత్తగా పెళ్ళై వచ్చిన అమ్మాయిలు "అనసూయా ఆంటీ, డిన్నర్ సెట్ కైసే ప్యాక్ కరేఁ?" అంటూ మా గుమ్మంలో వాలేవాళ్ళు. నేను కుర్చీలో కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతూ చెప్పేదాన్ని.

అలాంటి నాకు మొన్నటి వేసవిలో ఆఖరి షిఫ్టింగ్ వచ్చింది. మా ఆయన హేమసుందర్ వారంట్ ఆఫీసరుగా రిటైరయ్యారు. పాలం దగ్గరున్న క్వార్టర్ ఖాళీ చేసి, ఇందిరాపురంలో మేం కొనుక్కున్న ఫ్లాటుకి వెళ్ళాలి. ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకి, యమున దాటితే వచ్చేస్తుంది. బ్రహ్మపుత్ర దాటి సామాను చేర్చినదానికి యమున ఒక లెక్కా అనుకున్నాను.

ఒక్కటే చిక్కు. ఆయన విమానాలు.

నిజం విమానాలు కావు లెండి. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులు వేసి, అసలు విమానంలో డెబ్బై రెండో వంతు ఉండేలా ఆయన చేసుకున్న నమూనాలు. అరచేతిలో ఇమిడిపోయే గ్నాట్ దగ్గర్నుంచి, రెక్కలు చాపితే రెండు జానలుండే ఏఎన్-32 దాకా, ఆయన పనిచేసినవీ చూసినవీ అన్నీ హాల్లో ఒక గోడంతా ఉండేవి. ఒక్కోదాని ముక్కు ముందు సూదంత గొట్టం, వీపు మీద వెంట్రుకంత ఏరియల్. ఇన్ని పోస్టింగుల్లోనూ వాటి మీద నేను చెయ్యి వెయ్యలేదు. రైల్లో ఆయనే వాటిని తన బెర్తు మీద పడుకోబెట్టి, తను అంచున కూర్చుని వచ్చేవారు. అయినా ఏదో ఒకటి విరిగేది. దిగిన వారంలోపు ఆయన అద్దాలు పెట్టుకుని కూర్చుని అతికించేసుకునేవారు.

రిటైర్మెంటుకి ముందు ఒకరోజు పొద్దున ఇడ్లీ తింటూ అన్నారు, "విమానాలన్నీ ఇక్కడి ఎయిర్‌ఫోర్స్ స్కూలుకి ఇచ్చేస్తున్నాను. ప్రిన్సిపల్‌తో మాట్లాడాను."

"ఎందుకండీ?"

"అక్కడైతే పిల్లలు చూస్తారు. ఇంట్లో ఎవరు చూస్తున్నారు?"

"మీరు చూస్తున్నారుగా."

ఆయన కుడిచేత్తో చట్నీ గిన్నె అందుకోబోయి, మనసు మార్చుకుని ఎడంచెయ్యి చాపారు. నాకు సంగతి అర్థమైంది.

ఏడాదిగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. మందులు వాడుతున్నారు. ఇది పూర్తిగా పోయేది కాదు, అదుపులో పెడదాం అన్నాడు డాక్టరు. అదుపులోనే ఉంది. సంతకం పెడతారు, కూరలు తెస్తారు, చొక్కా గుండీలు పెట్టుకుంటారు. వెంట్రుకంత ముక్కని పట్టుకుని సూదిమొనంత జిగురుతో అతికించడం మాత్రం కుదరదు. సగం చేసిన ఆఖరి విమానం కిట్టు డబ్బా మూసేసి బీరువా మీదకి తోసేశారు. ఆ పక్కనే పనిముట్ల పెట్టె కూడా.

ఆ పెట్టె గురించి కాస్త చెప్పాలి. లోపల నల్లటి ఫోమ్ షీటు. అందులో ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే కోసిన గుంట ఉంటుంది. చిమటాకి చిమటా గుంట, ఆకురాయికి ఆకురాయి గుంట. విమానాలు బాగుచేసే హ్యాంగర్లో పద్ధతి అది. పనయ్యాక గుంటలన్నీ నిండి ఉండాలి. ఒక్క గుంట ఖాళీగా ఉన్నా ఆ పనిముట్టు విమానంలో ఉండిపోయిందేమో అని వెతుకుతారు, అది దొరికేదాకా విమానం కదలదు. మా అమ్మాయి భానుశ్రీ చిన్నప్పుడు దాని కాల్లో ముల్లు దిగితే ఆయన చిమటా తీసుకెళ్ళి పీకాను. అది తిరిగి గుంటలో పడేదాకా మా ఇంట్లో అన్నం కూడా కదలలేదు. ఆ తర్వాత ఆ పెట్టె జోలికి నేను పోలేదు.

"అసలు మాట చెప్పండి," అన్నాను చట్నీ వడ్డిస్తూ.

"విరుగుతాయి అనసూయా. ప్రతిసారీ విరుగుతాయి. ఇన్నాళ్ళూ నేనున్నాను అతికించడానికి. ఇప్పుడెవరు అతికిస్తారు? రెక్కలు విరిగినవాటిని ఎదురుగా పెట్టుకుని రోజూ చూస్తూ కూర్చోమంటావా?"

యూనిఫారం బీరువాలోకి పోయి, విమానాలు స్కూలుకి పోతే ఇక ఇందిరాపురం వచ్చేదెవరు? పేపరు చదువుకుని, బీపీ చూపించుకునే ఎవరో పెద్దాయన. ఆ పెద్దాయనతో నేను కాపురం చెయ్యలేదు, చేసే ఉద్దేశమూ లేదు.

"విరక్కుండా నేను చేరుస్తాను."

"నువ్వా?"

"జాడీలు చేర్చలా? అద్దాల బీరువా చేర్చలా?"

"జాడీకి ఏరియల్ ఉండదు."

"ఒక్కటంటే ఒక్కటి విరిగినా అన్నీ స్కూలుకే పంపండి, నోరెత్తను. విరక్కపోతే మన గోడ మీదే ఉంటాయి. సరేనా?"

ఆయన నా మొహంలోకి చూసి, "ఠీక్ హై," అన్నారు. నేను ఓడిపోతాననే ఆ ఒప్పుకోలులో ఉన్న ధీమా. చూద్దాం అనుకున్నాను.

మా అమ్మ దసరా కొలువు బొమ్మల్ని పాత నేత చీరల్లో చుట్టి దాచేది. నాకు తెలిసినంతలో అంతకు మించిన పద్ధతి లేదు. మెత్తగా నలిగిన వాయిల్ చీర ఒకటి చింపి, గ్నాట్‌ని పసిపిల్లలా చుట్టబోయాను. ఆయన పేపరు చాటున ఉన్నారు. నాకు సాయం చెయ్యకూడదని ఒట్టు పెట్టుకున్నట్టు కూర్చున్నారు.

"ఆగు!"

అదిరిపడ్డాను. చీర పోగు ఒకటి ముక్కు గొట్టానికి చిక్కుకుని ఉంది. ఇంకాస్త లాగితే పందెం అక్కడే అయిపోయేది. ఆయన పేపరు పడేసి వచ్చి ఎడంచేత్తో నెమ్మదిగా పోగు విడదీశారు.

"బొమ్మకి ఒళ్ళంతా గట్టి. దీనికి కడుపొక్కటే గట్టి. పట్టుకుంటే అక్కడ పట్టుకో, మిగతాదంతా గాలికి వదిలెయ్. ఏదీ దేన్నీ తగలకూడదు."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"నువ్వడగలేదు. నీకన్నీ వచ్చు కదా."

ఆ దెప్పుకి నాకు కోపం రాలేదు సరికదా, సంతోషమేసింది. నెలల తర్వాత విమానాల గురించి ఆయన నోరు విప్పడం అదే. తర్వాత ఇద్దరం కలిసే చేశాం. థర్మకోల్ పలకలు తెప్పించాం. ఒక్కో విమానాన్ని పలక మీద కూర్చోబెట్టి, కడుపు మీదుగా రిబ్బను పోనిచ్చి కింద ముడి వేశాం. అవి భానుశ్రీ స్కూలు రిబ్బన్లు, ఎందుకైనా పనికొస్తాయని దాచాను. రెక్కలకి ఏమీ తగలదు, తోకకి ఏమీ తగలదు. పలకల మధ్య మూలమూలకీ థర్మకోల్ దిమ్మలు పెట్టి, ట్రంకులో అరలు అరలుగా దించాం. పెద్ద రెక్కలవన్నీ పై అరలో పెట్టాం, మీద బరువు పడకూడదని.

ట్రంకులంటే మామూలు ట్రంకులు కావు. ప్రతి ఫౌజీ ఇంట్లోనూ ఉండే నల్ల ఇనప ట్రంకులు, మూత మీద తెల్ల పెయింటుతో ఆయన పేరూ నంబరూ రాసి ఉంటాయి. ఆయన ట్రంకుని ఒక పక్క ఎత్తి ఊపి, చెవి పెట్టి విన్నారు. లోపల చప్పుడు లేదు.

"బానే ఉంది," అన్నారు. ఆ మనిషి నోట అది పద్మశ్రీతో సమానం.

ఆదివారం భానుశ్రీ వచ్చింది. దానికి నోయిడాలో ఉద్యోగం, అక్కడే ఇద్దరు స్నేహితులతో ఉంటుంది. తెలుగు అంతా అర్థమవుతుంది గాని, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది.

"మమ్మీ, మేరీ గాడీ మే లే చల్తే హై నా. ఏసీ హై. దో తీన్ ట్రిప్స్ మే హో జాయేగా."

మేమిద్దరం ఒకేసారి నవ్వాం. "విమానాలు ఏసీ కార్లో వెళ్తాయిటే?" అన్నాను నేను. "ఈ ట్రంకులు అస్సాం వరదలో తేలాయి తల్లీ, లోపల చుక్క నీరు దిగలేదు," అన్నారాయన. నాకూ ఆయనకీ మాట కలవడం అరుదు. కలిసిందంటే ఆ మాటకి తిరుగుండదు. భానుశ్రీ భుజాలెగరేసి ఫోను చూసుకుంది.

షిఫ్టింగ్ రోజు ఎండ తెల్లారినప్పట్నుంచే చురచురలాడుతోంది. పైకప్పు లేని ట్రక్కు వచ్చింది. బీరువాలూ మంచాలూ ఎక్కాక, నేను నడుమున చెంగు దోపుకుని నిలబడి, "భయ్యా, యే దోనో సబ్‌సే ఊపర్. ఇన్‌కే ఊపర్ కుచ్ నహీ," అన్నాను. వాళ్ళు ఆ రెండు నల్ల ట్రంకుల్నీ అన్నిటికంటే పైన పరుపుల మీద పెట్టి తాళ్ళతో బిగించారు. అంబారీ మీద దేవుణ్ణి ఊరేగించినట్టుంది నాకు. మేం ముగ్గురం కార్లో వెనకే బయల్దేరాం.

ఇందిరాపురంలో మా సొసైటీ గేటు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అంకుల్‌జీ, షిఫ్టింగ్ చార్ బజే కే బాద్. దోపహర్ మే లిఫ్ట్ నహీ మిలేగీ."

మా ఆయన నిటారుగా నిలబడి పరేడ్ గొంతు పెట్టారు. ఆ గొంతుకి పాలంలో గేట్లు తెరుచుకునేవి, ఇక్కడ గార్డు సెల్యూట్ కొట్టి మరీ కుదరదన్నాడు. సెక్రటరీకి ఫోన్ చేస్తే నాలుగు దాటాకే లిఫ్టు, రూలు రూలే అన్నాడాయన. చేసేదేం లేక ట్రక్కుని గేటు బయట గోడ వారన ఆపించి మేం పైకి వెళ్ళాం. ఖాళీ ఫ్లాటులో నేల మీద కూర్చుని మజ్జిగ తాగాం. పద్నాలుగో అంతస్తు బాల్కనీలోంచి చూస్తే ట్రక్కు అగ్గిపెట్టెంత ఉంది. దాని మీద మా ట్రంకులు రెండూ ఎండకి తళతళ మెరుస్తున్నాయి.

"ఎంత బాగా కనిపిస్తున్నాయో చూడండి," అన్నాను కూడా.

"పెయింటు మంచిది," అన్నారాయన.

అంత చదువుకున్న మా అమ్మాయికి గాని, జీవితమంతా విమానాల ఒంటివేడి లెక్కలు చూసిన ఆయనకి గాని, అన్నీ తెలిసిన నాకు గాని తట్టలేదు. అతి జాగ్రత్తే కొంప ముంచుతుందని పెద్దలు ఊరికే అన్నారా?

నాలుగు దాటాక లిఫ్ట్ ఇచ్చారు. కూలీ ట్రక్కెక్కి నల్ల ట్రంకు పిడి పట్టుకుని, "అరే బాప్ రే!" అని చెయ్యి విదిలించాడు. భుజం మీది గంఛా తువ్వాలు తీసి చేతికి చుట్టుకుని మళ్ళీ పట్టుకున్నాడు. నేను మా ఆయన మొహం చూశాను. అందులో రంగు లేదు.

ఏ ఊళ్ళో ఏ క్వార్టర్లో దిగినా మొదట పొయ్యి వెలిగించి పాలు పొంగించేదాన్ని, ఆ తర్వాతే ట్రంకు తాళం తీసేదాన్ని. ఆ రోజు పాల ప్యాకెట్టు సంచిలోనే ఉండిపోయింది. హాలు మధ్యలో ట్రంకు దించగానే ఆయన తాళం తీశారు. మూత ఎత్తగానే పొయ్యిలోంచి వచ్చినట్టు వేడి మొహాన కొట్టింది.

రిబ్బన్లు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ముడులు ఊడలేదు. ముక్కు గొట్టాలు విరగలేదు, ఏరియల్స్ విరగలేదు. కానీ పై అరలో ఉన్న పెద్దవి, డకోటా, క్యాన్‌బెర్రా, ఏఎన్-32, రెక్కలు రెండు పక్కలా కిందికి వాల్చేశాయి, వానలో తడిసిన కాకుల్లాగా. కింది అరల్లో చిన్నవి బాగానే ఉన్నాయి. ఏఎన్-32 మీద ఆయన సర్వీసులో సగం గడిచింది. ఆ నమూనా ఆగ్రాలో, భానుశ్రీ నా కడుపులో ఉండగా, ఒక చలికాలమంతా కూర్చుని చేశారు.

ఆయన వంగి, ప్రతిదాన్నీ చూశారు.

"విరగలేదు. ఒక్కటీ విరగలేదు. పందెం నీదే," అన్నారు. చప్పుడు కాకుండా మూత దించి బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

అంత దరిద్రపు గెలుపు నా జన్మలో ఎప్పుడూ గెలవలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. భానుశ్రీ 'నేను చెప్పానా' అనలేదు. అనుంటే బాగుండేది, తిట్టిపోయడానికి ఒక మనిషి దొరికేది. అది మంచినీళ్ళు తెచ్చిచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్తే కథంతా అదే అవుతుంది. ఆయన పేపరు చదివారు, పార్కులో నడిచారు, బీపీ చూపించుకున్నారు. నేను ఎవర్ని రానివ్వకూడదనుకున్నానో ఆ పెద్దాయనే వచ్చి మా సోఫాలో కూర్చున్నాడు. హాల్లో గోడ ఖాళీగా ఉంది. ట్రంకులు మూల మంచం కింద ఉన్నాయి.

"బాగున్నవి స్కూలుకి ఇచ్చేద్దాం. వచ్చి తీసుకెళ్తామన్నారు," అన్నారు ఒకరోజు భోజనాల దగ్గర.

"వంగినవో?"

ఆయన పెరుగు కలుపుకున్నారు. సొసైటీలో చెత్త బండి పొద్దున్నే వస్తుంది. జవాబు అదేనని నాకు తెలుసు.

మధ్యాహ్నం ఆయన పేపరు పట్టుకుని కూర్చున్నప్పుడు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"ఏమండీ, వేడికే కదా వంగింది? వేడికే మళ్ళీ లేవదా?"

ఆయన పేపరు దించలేదు. "లేస్తుంది. వేడినీళ్ళలో ముంచి, మెత్తబడగానే తీసి, సరిచేసి, చల్లారేదాకా పట్టుకుంటే లేస్తుంది. చెయ్యి కదలకుండా పట్టుకోవాలి."

"ఇన్ని రోజుల్నుంచీ తెలిసి ఊరుకున్నారా!"

"తెలిస్తే ఏం లాభం?" అని కుడిచెయ్యి పేపరు చాటుకి తీసుకున్నారు.

"నాకు రెండు చేతులున్నాయి. నిక్షేపంలా ఉన్నాయి."

"అది జంతికల పిండి కాదు అనసూయా. ఎంత పల్చటి ముక్కో నీకు తెలీదు."

"పూతరేకు కన్నా పల్చనా?"

ఆయన పేపరు దించారు.

మాది ఆత్రేయపురం. మా అమ్మ బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి పిండినీళ్ళలో ముంచిన బట్టని కుండ మీద ఇలా పరిచి అలా లాగేసేది. కుండ మీద తెల్లటి రేకు నిలిచేది. కాలుతున్న కుండ మీద నుంచి ఆ రేకుని చిరక్కుండా వేళ్ళతో లేపాలి. గట్టిగా పట్టుకుంటే పొడైపోతుంది, భయపడితే చిరుగుతుంది. లంగా ఓణీ వేసుకునే వయసుకే నా రేకు చిరిగేది కాదు. పెళ్ళిచూపుల్లో ఈయన తిన్నది నేను చుట్టిన పూతరేకే, కావాలంటే అడగండి.

"నీళ్ళు ఎంత వేడి కావాలో చెప్పండి," అన్నాను వంటింట్లోకి నడుస్తూ. వెనకాల కుర్చీ జరిగిన చప్పుడైంది.

వెడల్పాటి బాణలి నిండా నీళ్ళు పెట్టాను. ఆయన ఏఎన్-32 ని రెండు చేతుల మీద పెట్టుకుని తెచ్చారు. బీరువా మీంచి పనిముట్ల పెట్టె కూడా తెచ్చి, మూత తెరిచి, ఏది కావాలన్నట్టు నా ముందు పెట్టారు. ఆ చిమటాలన్నీ చీమ కాళ్ళలా ఉన్నాయి. రెక్క మొదలుని గట్టిగా పట్టి ఉంచేది కావాలి నాకు. వంటింటి గోడకున్న పట్టకారు తీసి, దాని మొనలకి మెత్తటి గుడ్డ చుట్టాను.

"అది టూల్ కాదు," అన్నారు.

"మీ హ్యాంగర్లో కాదేమో. ఇది నా హ్యాంగరు."

కడుపు దగ్గర పట్టకారుతో పట్టి ఒక రెక్కని నీళ్ళలోకి దించాను. ఆయన నా భుజం పక్కన వంగి నిలబడ్డారు.

"ఇప్పుడు?"

"ఉండు."

"ఇప్పుడండీ?"

"ఇంకా... తియ్! ఎత్తు. కొస ఎత్తు. ఇంకొంచెం... చాలు, పట్టు! కదలకు."

రెక్క నా వేళ్ళ మధ్య మెత్తగా, వేడిగా ఉంది. బిగించకుండా, వదలకుండా పట్టుకున్నాను. వేళ్ళు చురుక్కుమంటున్నాయి. ఆవిరికి మొహమంతా చెమట. ఇంతలో చల్లటి గాలి తగిలింది. చూస్తే ఆయన పేపరు మడిచి కుడిచేత్తో రెక్కకి విసురుతున్నారు. ఆ చెయ్యి దాని వణుకు అది వణుకుతూనే ఉంది, పేపరు టపటపలాడుతోంది.

"చూశావా," అన్నారు, "ఫ్యాను కన్నా నయం."

ఏడాదిగా ఆ చెయ్యి మాటెత్తితే మొహం తిప్పుకునే మనిషి. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నవ్వితే రెక్క కదులుతుందని రెండూ మింగేశాను.

చల్లారాక గట్టు మీద పెట్టాం. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, కన్ను గట్టుకి సమంగా పెట్టి చూశారు. నేను చూసినా తెలుస్తోంది, రెక్క కొస ఉండాల్సిన దానికన్నా పైకి లేచింది.

"ఎక్కువైంది. మళ్ళీ ముంచనా?"

"వద్దు. ఉండనీ."

"వంకరగా ఉందండీ."

"నేల మీదున్న విమానానికైతే వంకరే. గాల్లోకి లేచినప్పుడు రెక్కలు ఇలాగే కొంచెం పైకి వంగుతాయి. అందులో కూర్చుని కిటికీలోంచి చూసినవాణ్ణి, నాకు తెలుసు." లేచి చేతులు దులుపుకున్నారు. "రెండోది కూడా సరిగ్గా ఇంతే లేపు."

రెండోది కూడా అంతే లేపాను. గోడ మీదికి మొదట చేరింది అదే. గాల్లో ఉన్నట్టే ఉంది.

ఆ ఎండాకాలమంతా మధ్యాహ్నాలు మా వంటిల్లు హ్యాంగరే. భోజనాలయ్యాక నీళ్ళు పెట్టేదాన్ని, ఆయన రోగిని తెచ్చేవారు. నేను పట్టడం, ఆయన అరవడం, పేపరుతో విసరడం. డకోటా మొండికేసింది, మూడుసార్లు ముంచాల్సి వచ్చింది. క్యాన్‌బెర్రాకి రంగు పెచ్చులూడితే నాచేత రంగు కలిపించి, నాచేతే వేయించి, "ముగ్గు వెయ్యట్లేదు నువ్వు, సన్నగా," అని తిట్టారు. నేనూ ఊరుకోలేదు లెండి. భానుశ్రీ వచ్చినప్పుడు మా ఇద్దరి అరుపులూ లిఫ్ట్ దగ్గరికే వినిపించాయట.

"ఆప్ దోనో లడ్ రహే హో క్యా?"

"సర్వీసింగ్ చేస్తున్నాం," అన్నారు వాళ్ళ నాన్న.

స్కూలు ప్రిన్సిపల్ ఫోన్ చేశాడొకసారి, వ్యాను పంపమంటారా అని. ఆయన ఫోను ఎడం చెవికి పెట్టుకుని, కుడిచెయ్యి నడుమున పెట్టుకుని, "సారీ సార్, ఎయిర్‌క్రాఫ్ట్ అన్నీ మెయింటెనెన్స్‌లో ఉన్నాయి. పిల్లల్నే ఇక్కడికి పంపండి, నేను చూపిస్తాను," అన్నారు. నేను తలుపు చాటున నిలబడి విని, ఆ సాయంత్రం పాయసం వండాను.

వానలు ఆలస్యంగా వచ్చాయి. మొదటి వాన పడిన రోజు సాయంత్రం కాఫీకని గిన్నెలో పాలు పెట్టి, దించడానికి చూస్తే పట్టకారు లేదు. గోడకి లేదు, గట్టు మీద లేదు, సింకులో లేదు. ముందు రోజే ఆఖరి విమానం గోడకెక్కింది, ఆ సందట్లో ఎక్కడ పడేశామో తెలీదు. డబ్బాలన్నీ జరిపి వెతుకుతూ పనిమనిషిని తిట్టాను, తర్వాత మా అమ్మాయిని తిట్టాను, ఆ పిల్ల ఇంట్లోనే లేదు.

హాల్లోంచి ఆయన గొంతు వినబడింది. "పనయ్యాక దేని చోట దాన్ని పెట్టాలి. పెట్టెలో చూసుకో."

పనిముట్ల పెట్టె బల్ల మీద ఉంది. తెరిచాను. చిమటాలు, ఆకురాళ్ళు, చాకులు, అన్నీ వాటి గుంటల్లో ఉన్నాయి. వాటి పక్కన ఫోమ్‌లో కొత్తగా ఇంకో గుంట. అందులో నా పట్టకారు.

తక్కిన గుంటల అంచులన్నీ గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. ఈ గుంట అంచు మాత్రం చుట్టూతా అలలు అలలుగా ఉంది. అక్కడక్కడా చాకు పక్కకి జారింది, మళ్ళీ వెనక్కొచ్చి కోసుకుంటూ పోయింది. ఒకచోట ఫోమ్ ముక్క లేచిపోతే జిగురుతో అతికించి ఉంది. ఎన్ని పొద్దులు కూర్చున్నారో ఈ మనిషి, నేను స్నానానికి వెళ్ళినప్పుడో, కూరలకి వెళ్ళినప్పుడో. ఆ అంచు వెంబడి వేలు పెట్టి చుట్టూ రాశాను. పట్టకారుని తియ్యబుద్ధి కాలేదు.

వంటింట్లో చుయ్యిమని చప్పుడైంది.

"అనసూయా, పాలు!" అని కేకేశారాయన.

"పొంగనివ్వండి," అన్నాను. "ఈ ఇంట్లో ఇంకా పొంగించలేదు."